వంగిన నడక

సుభద్రమ్మ గారిని ప్రశ్న అడిగిన శిష్యురాలికి మాటల్లో జవాబు దొరకడం అరుదు. అడిగినదాన్ని లేపి నిలబెట్టి, తాళం వేసి ఆడించేవారు. కాళ్లకు తెలిస్తే తలకు అదే ఎక్కుతుందని ఆవిడ నమ్మకం. కాకినాడలో రెండు తరాలకు కూచిపూడి నేర్పిన మనిషి. డెబ్బై దాటినా ఆవిడ వెన్ను ఇసుమంత కూడా వంగలేదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఆవిడకి ఇంకాస్త బాగా తెలుసు.

వైదేహి ఆవిడ దగ్గర చిన్నప్పటినుంచీ నేర్చుకున్న శిష్యురాలు. కవలలు పుట్టాక పొట్ట కండరాలు విడిపోయాయి, చర్మం జారింది, ఎన్ని వ్యాయామాలు చేసినా వెనక్కి రాలేదు. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చినా పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ఆమెను ఎన్నో నెల అని అడుగుతూనే ఉన్నారు. ఇలాంటివి అడగడానికి మనవాళ్లకి మొహమాటం ఉండదు. చివరికి వైదేహి టమ్మీ టక్ చేయించుకుంది. విడిపోయిన కండరాలను దగ్గరికి కుట్టి, మిగిలిన చర్మాన్ని తీసేసే ఆపరేషన్ అది. పేరు ముద్దుగా ఉంది గానీ కోత పెద్దదే. మచ్చ ఎక్కడ పడుతుంది, గాయంలో నీరు లాగే గొట్టాలు ఎప్పుడు తీస్తారు, బెల్టు ఎన్నాళ్లు పెట్టుకోవాలి, పిల్లల్ని ఎప్పుడు ఎత్తుకోవచ్చు అని ముందే డాక్టరును విసిగించి మరీ తెలుసుకుంది. ఇంటికి వచ్చాక ఎలా నడవాలో మాత్రం అడగలేదు. నాట్యం చేసే మనిషికి నడకలో సందేహమేముంటుంది అనుకుంది.

ఆ సంగతి డాక్టరమ్మే ఇంటికి పంపేటప్పుడు చెప్పింది. రోజూ కాసేపు కాసేపు నడవాలి. మంచానికే అతుక్కుపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అయితే మొదట్లో నడుం వంచుకునే నడవాలి, తొందరపడి నిటారుగా నిలబడితే కుట్లు లాగేస్తాయి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే రమ్మంది. వైదేహి బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి గది తలుపు వేసుకుంది.

హాల్లో చూడవచ్చిన చుట్టాలున్నారు. వాళ్ల ముందు ముసలమ్మలా వంగి నడవడం ఆమె వల్ల కాలేదు. ఎవరైనా లోపలికి వస్తే పళ్లు బిగించి నిటారుగా లేచేది, వాళ్లు వెళ్లగానే మంచం ఎక్కేది. భర్త శ్రీకర్ బతిమాలాడు, కసిరాడు, చివరికి నిజంగానే భయపడ్డాడు. దిక్కుతోచక సుభద్రమ్మ గారికి ఫోన్ చేసి సంగతంతా చెబుతుంటే, వైదేహి ఆ ఫోన్ లాక్కుని ఒకే మాట అడిగింది.

"అమ్మగారూ, నేను మళ్లీ నిటారుగా ఎప్పుడు నిలబడతాను?"

అది డాక్టరును అడగవలసిన ప్రశ్న. కానీ వెన్ను వంచేవాళ్లు తన గడప తొక్కవద్దని, చిన్నప్పుడు వైదేహి వీపు మీద కర్రతో తట్టి చెప్పింది డాక్టరు కాదు. సుభద్రమ్మ గారు ఫోన్ పెట్టేసి, ఆటో ఎక్కారు.

ఆవిడ గదిలోకి రాగానే వైదేహి అలవాటుకొద్దీ మంచం దిగి, నిటారుగా నిలబడి దండం పెట్టబోయింది. నొప్పికి ముఖం పాలిపోయింది. ఆవిడ కూర్చోమనలేదు, మందలించలేదు. కొంగు నడుముకు దోపుకుని, సగానికి వంగి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, నెమ్మదిగా జతి చెప్పడం మొదలుపెట్టారు. తక ధిమి, తక ఝణు. ఆ గొంతులో జతి వినపడితే వైదేహి కాళ్లు ఆమె అనుమతి కోసం ఆగవు. తనూ వంగి, వెనకే అడుగు వేసింది.

అలాగే ఇద్దరూ హాల్లోకి వచ్చారు. కాఫీ తాగుతున్నవాళ్లంతా ఆగి చూశారు. సుభద్రమ్మ గారిని అలా చూడటం వాళ్లెవరికైనా అదే మొదలు. వైదేహి మేనత్త మాత్రం ఉండబట్టలేక, "అయ్యో, అంత మనిషి ఇలా అయిపోయారేంటండీ?" అంది.

వైదేహికి తల కొట్టేసినట్టయింది. తన మూలంగా గురువుగారు ఈ మాట పడ్డారు. పైకి లేవబోతుంటే ఆవిడ చెయ్యి వచ్చి వీపు మీద ఆనింది, లేవనివ్వలేదు. ఆవిడ చెవులు ఎర్రబడి ఉండటం వైదేహి చూసింది. జతి మాత్రం ఆగలేదు. హాలు దాటి వరండా చివరిదాకా వెళ్లేసరికి వైదేహి కళ్లు నిండిపోయాయి.

"చెప్పండి అమ్మగారూ, ఎప్పటికి?" అని మళ్లీ అడిగింది.

సుభద్రమ్మ గారు వంగిన మనిషి వంగినట్టే వెనక్కి తిరిగారు. హాల్లో అందరూ ఇంకా ఇటే చూస్తున్నారు.

"నిలబడటం నీకు నేనే నేర్పాను కదే, అదెక్కడికీ పోదు. ఇది నాకూ కొత్తే. పద, ఇంకోసారి."