నూకాలు చేసిన కుండ

అనగా అనగా ఒక ఊళ్ళో ఒక కుమ్మరి వీధి. ఊరి పేరు నాలుక చివరే ఉందమ్మా, దొరకడం లేదు. దొరికితే మధ్యలో చెబుతాను.

ఆ వీధిలో పైడయ్య అనే కుమ్మరికి నూకాలు అని పదేళ్ళ కూతురు. మట్టి తొక్కేది, నీళ్ళు మోసేది. కళ్ళు మాత్రం ఎప్పుడూ నాన్న తిప్పే సారె మీదే. సారె అంటే కుండలు చేసే చక్రం.

ఆడది సారె ముట్టకూడదని ఆ వీధి కట్టడి. ముడితే ఆవంలో కాలే కుండలన్నీ పగిలిపోతాయట. పైడయ్య అక్క గవరమ్మ రోజుకోసారైనా ఆ మాట అనేది. "అలా చూడకే, నీ చూపుకే పగిలేలా ఉన్నాయి" అని నూకాలును వెక్కిరించేది.

ఒకరోజు అందరూ సంతకి వెళ్ళారు. అప్పుడు నూకాలు సారె తిప్పింది. మొదటి కుండ కూలిపోయింది. రెండోది ఒరిగిపోయింది. మూడోది నిలబడింది. దాన్ని చిదిమేయడానికి మనసొప్పలేదు. ఆరబెట్టిన కుండల మధ్య పెట్టేసింది.

ఆ తర్వాత పైడయ్య అన్నిటినీ చెక్క సలపతో తట్టి, ఆవంలో పేర్చాడు. అవి మామూలు కుండలు కావు. పెళ్ళివాళ్ళు మేళంతో వచ్చి తీసుకెళ్ళే ఐరేని కుండలు. అవి పగిలితే పెళ్ళికే అపశకునం. చెప్పేద్దామని నూకాలు నోరు తెరిచింది. అప్పటికే నాన్న నిప్పు పెట్టేశాడు.

మొదటి రోజు ఆవం పొగ కక్కింది. నూకాలు అన్నం ముట్టలేదు. రెండో రోజు లోపల్నుంచి ఠప్పుమని చప్పుడు. నూకాలు చెవులు మూసుకుంది. మూడో రోజు బూడిద తీస్తుంటే తలుపు వెనక నక్కి కళ్ళు మూసుకుంది.

పైడయ్య ఒక్కో కుండనీ తీసి వేలితో కొట్టి చూశాడు. అన్నీ ఖంగుమన్నాయి. ఒక్కటి మాత్రం నిలువునా పగిలి ఉంది.

"ఎవత్తో సారె ముట్టిందిరా తమ్ముడూ" అంది గవరమ్మ.

నూకాలు బయటికి వచ్చింది. "నేనే అత్తా" అంది.

అప్పుడు పైడయ్య పగిలిన కుండలో చెయ్యి పెట్టి తడిమాడు. అన్నీ పెద్ద వేళ్ళ గీతలే. "ఇది నేను చేసిందక్కా. తడి ఆరకముందే పేర్చాను" అన్నాడు. ఆ తర్వాత అక్క చెయ్యి పట్టుకుని ఇంకో కుండలో పెట్టాడు. లోపల చిన్న చిన్న వేళ్ళ గీతలు. ఆ కుండకి నెర్రె కూడా లేదు. గవరమ్మ ఆ గీతల్ని మళ్ళీ ఓసారి తడిమింది.

సాయంత్రం పైడయ్య కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. "సలపతో తట్టినప్పుడే తెలిసిందే. తెలిసే పేర్చాను. ఈ మూడు రోజులూ నాకూ ముద్ద దిగలేదు" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, రేపటి నుంచి తలుపేసుకుని సారె తిప్పమన్నాడు.

పెళ్ళివాళ్ళు వచ్చి ఆ చిన్న వేళ్ళ కుండనే ముందు ఎత్తుకున్నారు. ఎవరు చేశారో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆ తలుపు తెరుచుకోవడానికి ఏడేళ్ళు పట్టింది. తెరిచింది గవరమ్మే. "లోపల ఉక్కగా లేదుటే పిల్లా" అందట.

ఊరి పేరు ఇంకా దొరకలేదమ్మా. పోనీలే. పిల్ల పేరు నూకాలు. నేను మరిచిపోతే నువ్వు చెప్పు.

కథేమో కంచికి, కుండేమో పెళ్ళికి,
మనమేమో ఇంటికి, నిద్రేమో కంటికి.