తాతగారి భరిణె, శెట్టిగారి మూత

ఒకానొక రాజ్యంలో, ఓడలు వచ్చీపోయే రేవుపట్నంలో, రణధవళుడనే రాజు ఉండేవాడు. చీనా నుంచి వచ్చే పింగాణీ భరిణెలంటే ఆయనకు ప్రాణం. అంతవరకు ఫరవాలేదు. కాని భరిణె వయసు చెప్పడంలో తనను మించినవాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. కళ్లు మూసుకుని, మూత మీద బొటనవేలు రాసి, "ఇది నాలుగు తరాల నాటిది," అనేవాడు. సభంతా "ఆహా!" అనేది. అనక చస్తుందా?

ఆ ఆస్థానంలో మాచన అనే మాటకారి ఉండేవాడు. మామూలుగానే ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి. ఆ రోజైతే అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టు తిరుగుతున్నాడు. కారణం ఉంది. ఓడ వర్తకుడు నాగిశెట్టి అతని స్నేహితుడు. తాతల నాటి పింగాణీ భరిణె ఒకటి తన ఇంట్లో ఉందని శెట్టి అంటే, "రాజుగారికి చూపించండి, మురిసిపోతారు," అని సలహా ఇచ్చింది మాచనే.

రాజుగారు మురవలేదు. బొటనవేలు రాసి, మూత కదిపి, మొహం చిట్లించాడు.

"మూత గలగలమంటోంది. నిన్నగాక మొన్న చేసిన నకిలీ! మా తాతగారి భరిణెను చూసి చేయించిన దొంగసరుకు. నన్నే మోసం చేద్దామనుకున్నావా, శెట్టీ?"

"మా తాతగారు కొన్నది ప్రభూ! మా ఇంటి ఆడవాళ్లు దీంట్లోనే కుంకుమ దాచుకుంటారు," అన్నాడు నాగిశెట్టి చేతులు జోడించి.

"సాయంత్రం ఇతనికి గుండు గొరిగించి గాడిద మీద ఊరేగించండి!"

భటులు ఆ భరిణెను జప్తు చేసి, అడుగున లక్కతో రాజముద్ర వేసి, రాజుగారి తాతగారి భరిణె పక్కనే బల్ల మీద పెట్టారు. రెండింటి మీదా నీలిరంగు తీగలే.

మాచన ఇంటికి వెళ్లాడు. విస్తరి ముందు కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. గుండుతో గాడిదెక్కిన వర్తకుడి మాట రేపు రేవులో ఎవడు నమ్ముతాడు? ఆ ఇంటి పరువు తన నోటి దురద వల్లే పోతోందే! అన్నం కెలుకుతున్నాడు.

"కాస్త ఊరగాయ వేసుకోండి," అంటూ భార్య అక్కమ జాడీ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "ఇదేమిటి, మూత ఊగుతోంది? నిన్న జాడీలు ఎండలోంచి లోపల పెట్టింది మీరే కదూ! దీని మూత దానికీ, దాని మూత దీనికీ పెట్టారు. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కాని, ఒకదాని మూత ఇంకోదానికి కుదరదండీ. చీమలు పట్టి ఉంటాయి."

మాచన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సభలో చూసిన భరిణెలు గుర్తొచ్చాయి. శెట్టి భరిణె మీద తీగ మూత అంచు దాకా వచ్చి తెగిపోయింది. అడుగు భాగం మీది తీగ దాన్ని అందుకోకుండా పక్కగా మొదలైంది. అంత చక్కగా గీసిన పనివాడు అక్కడ తప్పుతాడా? రాజుగారి తాతగారి భరిణె మీదా తీగ అలాగే తెగి ఉంది!

"అక్కమా, నువ్వు మహారాణివే!" అంటూ చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు. ఊరగాయకు చీమలు పడితే మహారాణి ఎలా అవుతుందో ఆవిడకు అర్థం కాలేదు.

కోట ముందు జనం మూగారు. గాడిద వచ్చేసింది. మంగలి కత్తి నూరుతున్నాడు.

"ప్రభూ, ఒక్క మనవి," అన్నాడు మాచన రొప్పుతూ. "తమ విద్య సభ చూసింది గాని ఊరు చూడలేదు. కళ్లకు గంతలు కట్టుకుని, తాతగారి భరిణె ఏదో, దొంగది ఏదో వీళ్ల ముందు చెప్పండి. శెట్టి నేరం అందరికీ రుజువవుతుంది."

రాజు పొంగిపోయాడు. గంతలు కట్టారు. భరిణెలు తెచ్చారు.

అందరూ చూస్తుండగానే మాచన రెండు మూతలూ తీశాడు. తాతగారి భరిణె అంచుకు ఏనాటిదో పట్టుగుడ్డ చుట్టి ఉంది, మూత కదలకుండా. దాన్ని లాగి రొండిన దోపుకున్నాడు. నోటి మీద వేలు పెట్టి జనాన్ని ఊరుకోమన్నాడు. రాజుగారి మూత తీసి శెట్టి భరిణె అడుగు మీద పెట్టాడు. తను అనుకున్నది తప్పయితే? మూత మెల్లగా తిప్పాడు. తీగ తీగను కలిసింది. మూత చప్పుడు లేకుండా కూర్చుంది. మాచనకు ఏడుపొచ్చినంత పనయింది.

రాజు దాన్ని అందుకుని బొటనవేలు రాశాడు. "మా తాతగారిది! నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మూత!" అని, ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు. "చూశారా, గాలి కూడా దూరదు. మూతా అడుగూ ఒకే ఆవంలో జంటగా కాలితేనే ఇలా కుదురుతాయి. పాతకాలపు పనితనమంటే ఇదీ!"

"జంటగా కాలినవేనంటారా ప్రభూ?"

"నా కిరీటం మీద ఆన!"

మాచన గంతలు విప్పాడు. "అయితే ఒకసారి తిరగేసి చూడండి."

అడుగున ఎర్రగా లక్కముద్ర. రాజుగారి సొంత ముద్రే.

"మూత మీ తాతగారిది, అడుగు శెట్టిది," అన్నాడు మాచన చేతులు కట్టుకుని. "రెండూ జంటగా కాలాయని తమరే సెలవిచ్చారు. ఇవి కవల భరిణెలు ప్రభూ. ఓడలోంచి దించేటప్పుడు ఎవరో మూతలు తారుమారు చేసి ఉంటారు. శెట్టిది నకిలీ అయితే మీ తాతగారిదీ నకిలీయే. ఇప్పుడు గాడిద మీద ఎవరిని ఎక్కించమంటారు? శెట్టినా, తాతగారి పటాన్నా?"

రాజు మొహం ఎర్రబడింది. మంగలి కత్తి పొదిలో పెట్టేశాడు. రాజు భరిణెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండో మూత తనే తీసి రెండో అడుగు మీద పెట్టి చూశాడు. అదీ కుదిరింది. అంతలో ఆయన బొజ్జ కదిలింది.

"మా తాతగారు గుర్రమెక్కడానికే భయపడేవారయ్యా!" అని పగలబడి నవ్వాడు. "ఆ గాడిదను తోలుకుపోండి!"

నాగిశెట్టికి భరిణె తిరిగి ఇచ్చి శాలువా కప్పాడు. మాచనకు తన చేతి కంకణం తొడిగాడు. ఈ కిటుకు అక్కమదని విని, ఆమెకు చీనా జాడీల జత పంపాడు, మాచన చెయ్యి పెట్టకుండా మూతలు తాళ్లతో కట్టించి మరీ.

ఇంటికి వెళుతూ నాగిశెట్టి జుట్టు తడుముకుని చూసుకున్నాడు. "మాచనగారూ, ఆ మూత కుదరకపోయుంటే?"

"ఏముంది శెట్టిగారూ," అన్నాడు మాచన, "ఇంకో గాడిదను వెతకాల్సి వచ్చేది."