ఆరువందలవ శంఖం

దివాకరం మాస్టారి గదిలో ప్రతి కంప్యూటర్ తెరకీ పైన కుడి మూల గోధుమరంగు టేపు ముక్క అంటించి ఉండేది. ఆటలో ఎంత శాతం పూర్తయిందో చూపించే అంకె సాధారణంగా అక్కడే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని గోటితో గీకబోతే ఆయన వద్దనేవారు కాదు, ఊరికే చూసేవారు. ఆ చూపుకే చెయ్యి వెనక్కి వచ్చేది. పెదవాల్తేరులో ఒక టైలరు షాపు పై అంతస్తులో, వీడియో ఆటలకు లోకాలు కట్టే పని మాకు నేర్పేవారాయన. కొండ ఎక్కడ లేవాలి, దారి ఎక్కడ మలుపు తిరగాలి, ఆడే మనిషి ఎక్కడ ఆగి చుట్టూ చూడాలి, ఇదీ మా చదువు. మేం ఐదుగురం. ఒక పెద్ద సంస్థలో పద్నాలుగేళ్ళు పనిచేసి మానేశారని తప్ప ఆయన గతం మాకు తెలియదు. దేన్నీ తొందరగా నమ్మే మనిషి కాదని మాత్రం తెలుసు. ఫలానా ఆట బాగుందని ఎవరైనా అంటే, ఏ చోట, ఏ నిమిషాన బాగుందో చెప్పించేదాకా వదిలేవారు కాదు.

ఒక మధ్యాహ్నం యామిని అడిగింది. మాలో చురుకైనది ఆమే.

"మాస్టారూ, ఈ విశాలమైన లోకాలున్న ఆటల్లో ఈకలు ఏరడం, పెట్టెలు తెరవడం, ఒకేలాంటి శిబిరాలు వంద కూల్చడం, ఇదంతా ఊకదంపుడని ఆడేవాళ్ళే తిడతారు. తిట్టినవాళ్ళే చివరి ఈకదాకా ఏరుతారు. నేనూ అంతే, నూటికి నూరూ అయ్యేదాకా వదలను. మరి వాళ్ళ మాటను నమ్మాలా, చేతను నమ్మాలా? చేతే నిజమైతే మనం ఇంకో వంద పెట్టడంలో తప్పేముంది?"

మాస్టారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, "పార్వతీపురంలో కనకమహాలక్ష్మి గారని ఒకావిడ ఉన్నారు" అని మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పనిచేసిన సంస్థ ఒక దీవి ఆట తయారుచేసింది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి ఆ దీవిలో బతికి బయటపడాలి. కథ బాగానే కుదిరింది గాని దీవి కథకంటే పెద్దదైపోయింది. ఎంత నడిచినా గడ్డి, గడ్డి దాటితే మళ్ళీ గడ్డి. విడుదలకు నెల ఉందనగా పై అధికారి శశిధర్ వచ్చి, "ఇంత ఖాళీగా కనబడకూడదు, ఏదో ఒకటి వెయ్యండి" అన్నాడు. మాస్టారు శంఖాలు వేశారు. ఆరువందలు. తెర మూలన లెక్క, ఒక్కో శంఖం దొరికినప్పుడల్లా గుడిగంట దూరంనుంచి వినబడినట్టు చిన్న చప్పుడు. దీవి నిండింది. అందరూ సంతోషించారు.

ఆట బయటికొచ్చిన ఏడాదికి కనకమహాలక్ష్మి గారి ఉత్తరం వచ్చింది. ఆవిడ సర్వే ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా పటాలు గీసే ఉద్యోగి. భర్త జగన్నాథం కరెంటు లైన్‌మన్. స్తంభం మీదనుంచి పడి తుంటి విరిగితే, మంచంలో ఉన్నన్నాళ్ళూ పొద్దుపోవడానికని స్నేహితులు ఆ ఆట తెచ్చిపెట్టారు. ఆయన నలభై శంఖాలు ఏరి విసుగొచ్చి పక్కన పడేశాడు. మంచం పక్కన కూర్చుని చూస్తున్న ఆవిడ అందుకుంది. ఆయన లేచి నడిచి, తిరిగి డ్యూటీలో చేరాడు. ఆవిడ మాత్రం దీవిలోనే ఉండిపోయింది.

ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. "అయ్యా, ఐదువందల తొంభై తొమ్మిది దొరికాయి. ఒకటి దొరకలేదు. నేను గీసిన పటం జతచేస్తున్నాను. శంఖాలు ఉత్తరాన దట్టంగానూ దక్షిణాన పలుచగానూ ఉన్నాయి. పూర్వం అటుగా సముద్రపు పాయ ఒకటి వెళ్ళేదని తెలియజేయడానికే మీరు అలా పెట్టారని నా అభిప్రాయం. అదే నిజమైతే మిగిలిన శంఖం తూర్పు కొండ దిగువన ఉండాలి. నా ఊహ సరైనదేనా, దయచేసి తెలుపగలరు."

ఆ పటం ఆఫీసులో చేతులు మారింది. మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. శశిధర్ అయితే అనుమానపడ్డాడు. "ఇంత ఓపిగ్గా ఎవరూ ఊరికే రాయరు. ఏదో కేసు వేసే ఆలోచన ఉంది, జాగ్రత్తగా జవాబివ్వండి" అన్నాడు. మాస్టారు దీవిని లోపలినుంచి తెరిచి వెతికారు. ఆరువందలవ శంఖం పడమటి ఒడ్డున ఒక నల్లబండ కడుపులో ఉంది. ఆడేవాళ్ళెవరికీ అది దొరికే దారి లేదు. సరిచెయ్యాలంటే ఆటనే సవరించి మళ్ళీ విడుదల చెయ్యాలి. జట్టంతా అప్పటికే మరో ఆట పనిలో ఉంది. చివరి శంఖం దొరకని మిగతావాళ్ళు తిట్టుకుని వదిలేశారు, పటం గీసి పంపింది ఈవిడ ఒక్కతే. ఆ ఒక్కరి కోసం పని ఆపడం కుదరదన్నారు.

జవాబు మాస్టారే రాశారు. "మీ అన్వేషణ కొనసాగించండి. ఓపిక ఉన్నవారికే దీవి తన రహస్యం చెబుతుంది."

ఆ జవాబు గురించి మాతో, "పదిసార్లు దిద్ది రాశాను. ఎవరూ వేలెత్తి చూపే వీల్లేకుండా రాశాను" అన్నారు.

ఎనిమిది నెలల తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. అందులో ఫిర్యాదు లేదు. రెండే వాక్యాలు. "మీ మాట పట్టుకుని తూర్పు కొండను అడుగడుగునా చూశాను. ఇప్పుడు రెండోసారి మొదలుపెడుతున్నాను."

ఆ ఆదివారం మాస్టారు ఎవరికీ చెప్పకుండా ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని పార్వతీపురం రైలెక్కారు. ఇంటి తలుపు తీసింది జగన్నాథం. ఆయన ఇంకా కొంచెం కుంటుతున్నాడు. వచ్చినవాడెవరో తెలియగానే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కంపెనీవోళ్ళా? ఏటి బాబూ, ఇంకా ఎన్నెట్టేరేటి దాచి?"

జగన్నాథం లోపలికి రానిచ్చాడు గాని ఊరుకోలేదు. సాలూరు అవతల కొండ ఊళ్ళల్లో భూముల రీసర్వే పెట్టారట. పద్దెనిమిదేళ్ళూ బల్ల దగ్గర కూర్చుని ఎవరో కొలుచుకొచ్చిన లెక్కల్ని గీసిన మనిషిని, ఈసారి స్వయంగా వెళ్ళి కొలవమని ఆఫీసరు పిలిచి అడిగాడట. "ఎప్పుడు పంపుతారా అని ఎదురుచూసిన మనిషండి. వచ్చే నెల ఎల్తానండీ, ఇక్కడ చిన్న పనొకటి మిగిలిపోయిందండీ అన్నాదంట. ఆళ్ళు ఆగుతారా? ఇంకొకల్ని అంపేసేరు. ఏటి పని మిగిలిపోయిందో ఇంట్లో నాకొక్కడికే తెలుసు." ఆయన గొంతు తగ్గించలేదు. లోపలి గదిలో ఆవిడ వింటున్నదని ఇద్దరికీ తెలుసు.

కనకమహాలక్ష్మి గారు చుట్టిన కాగితం ఒకటి పట్టుకుని బయటికొచ్చారు. నమస్కారం పెట్టి, మంచం మీద దాన్ని పరిచారు. ఉత్తరంతో పంపింది దాని నకలు మాత్రమేనట. అసలుది మంచం నిండా ఉంది. కొండల వంపులు సన్నని గోధుమరంగు గీతల్లో, వాగులు నీలిరంగులో, ఒక్కో శంఖం దగ్గర ఎర్రచుక్క, దాని పక్కన ముత్యాల్లాంటి అక్షరాల్లో వరుస సంఖ్య. తాను కట్టిన దీవిని నిజమైన నేలలా చూడటం అదే మొదటిసారి అన్నారు మాస్టారు.

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, నల్లబండను పక్కకు తొలగించి, లోపలున్న శంఖాన్ని చూపించారు. ఏం జరిగిందో, ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఎందుకు అలా రాశారో దాచకుండా చెప్పారు. "రాయి లోపలా!" అని జగన్నాథం గట్టిగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. తెర వైపు చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగారు.

"మరి మిగతా ఐదువందల తొంభై తొమ్మిదీ?"

మాస్టారికి అర్థం కాలేదు.

"మా పనిలో పటం మీద ఒక గుర్తు ఉందంటే, ఎవరో ఒకరు ఎండనకా వాననకా ఆ చోటికి వెళ్ళి నిలబడ్డారని లెక్క. లేకపోతే గుర్తు పెట్టం. ఇది పొరపాటున రాయిలో పడింది, సరే. మిగతావి ఎవరు పెట్టారు?"

అబద్ధం చెప్పొచ్చునని ఆ క్షణాన తోచిందట ఆయనకు. చెబితే ఆవిడ నమ్మేవారు కూడా. చెప్పలేదు. "ఎవరూ పెట్టలేదండీ. ఆరువందలు అని అంకె వేసి మీట నొక్కాను. కంప్యూటరే వాటిని దీవంతా చల్లేసింది. నేను టీకి వెళ్ళి వచ్చేసరికి అయిపోయింది."

"టీకి ఎంతసేపు వెళ్ళారు?"

"పది నిమిషాలు."

అంతవరకు కోపంగా ఉన్న జగన్నాథం తల తిప్పుకుని గోడ వైపు చూశాడు. ఆవిడ పటం మీద అరచెయ్యి పెట్టి, ముడతలు లేకపోయినా సాపు చేస్తూ ఉండిపోయారు. కొంతసేపటికి, "మీ చేత్తో పెట్టింది ఒక్కటైనా ఉందా అందులో?" అని అడిగారు.

ఉందన్నారు మాస్టారు. పడమటి ఒడ్డున కూలిపోయిన పడవల పాక, అందులో ఒక కుర్చీ. మూడు వారాలు పట్టింది. అందులో కూర్చుంటే రెండు బండల మధ్యనుంచి సముద్రం కనిపిస్తుంది. అల విరగడం ముందు కనబడి, చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. అక్కడ ఏరుకోవడానికి ఏమీ లేదు గనక సంస్థవాళ్ళు దాన్ని ఆటలోని పటం మీద చూపించనివ్వలేదు.

"ఆ కుర్చీ చూశాను" అన్నారావిడ. "చుట్టూ మూడుసార్లు తిరిగాను. కింద కూడా వంగి చూశాను. ఏమీ లేదని వెళ్ళిపోయాను. కూర్చోవచ్చని తెలియదు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడైనా ఒకసారి వెళ్ళి కూర్చోండమ్మా" అన్నారు.

ఆవిడ తలెత్తి ఆయన్ని సూటిగా చూశారు. అంతవరకు ఆ కళ్ళలో లేని అనుమానం అప్పుడు కనబడింది.

"ఇదెందుకు చెబుతున్నారు సార్? నన్ను మళ్ళీ లోపలికి పంపడానికా?"

కాదో అవునో మాస్టారికే తెలియలేదట. ఆవిడ పటం చుట్టి, దారం కట్టి, ఆయన చేతిలో పెట్టారు. "మీ దగ్గరుంచుకోండి. దీనివల్ల ఎవరికీ దారి తెలియదు" అన్నారు. స్టేషన్ దాకా జగన్నాథం కుంటుకుంటూ తోడొచ్చాడు. రైలు కదలబోతుండగా, "నిజం చెప్పేరు, అదొకటి" అన్నాడు.

మర్నాడే ఆవిడ ఆఫీసరు దగ్గరికి వెళ్ళారు. సాలూరు పని చేజారిపోయింది, అది తిరిగి రాలేదు. ఏడాది దాటాక మరో మండలంలో అవకాశం వస్తే వెళ్ళారు. ఎండకి నల్లబడిందనీ, ఒక్క వేసవిలో రెండు జతల చెప్పులు అరగదీసిందనీ జగన్నాథం ఫోనులో చెప్పాడట, కోప్పడుతున్నట్టు. మాస్టారు పార్వతీపురం వెళ్ళొచ్చిన సంవత్సరమే ఉద్యోగం మానేశారు.

ఇంతవరకు చెప్పి ఆయన లేచి, గొడుగు అందుకున్నారు. పాఠం అయిపోయిందని మేమూ లేచాం. యామిని మాత్రం కదల్లేదు.

"మాస్టారూ, తర్వాత ఎప్పుడైనా ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్నారా?"

ఆయన గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"అదొక్కటే మిగిలిందా నీకు, యామినీ?"