పదిహేడో నంబరు ఎముక

గౌరునాయుడికి జీవితంలో లోటు ఒక్కటే. ఎముకల మీద ఇన్నేళ్ళు పరిశోధన చేశాడు, దేశదేశాలు తిరిగాడు, తన దగ్గర చదివిన పిల్లలే ప్రొఫెసర్లయ్యారు. కానీ గురువు దైవసహాయం మాస్టారి నోట "బాగుందిరా" అన్న ముక్క మాత్రం ఇంతవరకూ వినలేదు.

మాస్టారు తిట్టే మనిషి కాదు. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే రోజుల నుంచీ అంతే. శిష్యుడు ఏం పట్టుకొచ్చినా కళ్ళజోడు పైకి తోసుకుని శ్రద్ధగా చూస్తారు. చూసి, "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" లోపల ఏముందో కనుక్కోవాలని గౌరునాయుడు సగం జీవితం ఖర్చు పెట్టాడంటే నమ్మండి.

అతను చేసే పని ఇదీ. ముసలివాళ్ళ తుంటి ఎముకకి ఆస్పత్రిలో స్కాన్ తీస్తారు. ఆ బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించి, లక్షల చిన్న చిన్న ఇటుకల కింద విడగొడతాడు. ఏ ఇటుక గట్టిది, ఏది గుల్లది అని లెక్క కడతాడు. ఆ మనిషి పక్కకి పడితే ముందుగా ఎక్కడ విరుగుతుందో అక్కడ తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. వయసులో ఉండగా దీనికోసం తిండీ నిద్రా మానేశాడు. పెళ్ళిచూపులకి కూడా లేటుగా వెళ్ళాడని వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మొదట్లో డాక్టర్లు నవ్వారు. "నేల విడిచి సాము చేస్తున్నావయ్యా" అన్నారు. గౌరునాయుడికి ఆ మాట గుచ్చుకుంది. సరే, బతికున్న మనుషుల మీదే రుజువు చేస్తానని ఊళ్ళో ఒక ఆస్పత్రితో మాట్లాడుకున్నాడు. వయసు మళ్ళిన వాళ్ళెవరైనా వచ్చి ఉచితంగా స్కాన్ తీయించుకోవచ్చు. పేర్లు ఆస్పత్రి దగ్గరే ఉంటాయి. గౌరునాయుడికి వచ్చేవి ఎముకల బొమ్మలూ, వాటి మీద నంబర్లూ. ఎవరి ఎముకైనా మరీ ప్రమాదంగా ఉందని తేలితే ఆస్పత్రికి కబురు చెయ్యాలి, వాళ్ళు ఆ మనిషికి చెబుతారు. ఆ నియమం రాసింది కూడా అతనే. రాయకపోతే అనుమతి రాదు కదా మరి.

అలా వచ్చినవాటిలో పదిహేడో నంబరు ఎముక ఒకటి.

అబ్బ, ఏం ఎముకండీ అది! బంతిలాంటి తల కింద సన్నగా ఉండే ఎముక మెడ దగ్గర గుల్ల. దాని కింద ఎప్పటిదో పాత దెబ్బ మానిన చిన్న బొడిపె. లెక్క కట్టేసరికి మెడ మీద వాలుగా ఎర్రటి గీత, ఎవరో గీసి పెట్టినట్టు వచ్చింది. అంత స్పష్టమైన గీత అతను అంతకుముందు చూడలేదు. ఏ సభకి వెళ్ళినా అదే చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ ఊపులోనే ఒకరోజు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పెదవాల్తేరులో మాస్టారింటికి వెళ్ళాడు. ఈసారి ఆయన నోరు విప్పక తప్పదనుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఎవరిదిరా ఇది?"

"తెలీదు సార్. మాకు పేర్లు రావు. పదిహేడో నంబరు."

"కబురు చేశావా?"

"చేస్తాను సార్," అన్నాడు గౌరునాయుడు.

"ఊఁ," అన్నారు మాస్టారు.

చెయ్యాలని అతనికి లేకపోలేదు. కానీ అతని లెక్క అతనికుంది. చెబితే ఆ మనిషి జాగ్రత్త పడతాడు. జాగ్రత్తగా ఉంటే జారిపడడు. పడకపోతే ఎముక విరగదు. విరగకపోతే తను చెప్పింది ఒప్పో తప్పో తేలేదెలా? పైగా, తప్పయిందే అనుకోండి, పాపం ఒక పెద్దమనిషిని ఉత్తపుణ్యానికి భయపెట్టినట్టవుతుంది. ఇలా జాలినీ స్వార్థాన్నీ కలిపేసి, రెండిట్లో ఏది ఏదో తనకే తెలియకుండా చేసుకున్నాడు. ఈ ఎముక మీద రాస్తున్న వ్యాసం అచ్చయ్యాక చూద్దాం అనుకున్నాడు. అది అచ్చయ్యాక ఇంకో వ్యాసం వచ్చిపడింది. ఈలోగా వానలు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి జల్లు అందుకుంది. మాస్టారింటి మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. అమ్మగారు, అదే మాస్టారి భార్య, వద్దు వద్దంటున్నా మాస్టారు గబగబా ఎక్కారు. దిగేటప్పుడు తడి మెట్టు మీద కాలు జారి పక్కకి పడిపోయారు.

గౌరునాయుడు ఆస్పత్రికి పరుగెత్తాడు. అక్కడి ఎముకల డాక్టరు తెలిసినవాడే. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. మెడ దగ్గర వాలుగా విరిగింది. దాని కింద చిన్న బొడిపె.

"కుదిరింది!" అనుకున్నాడు గౌరునాయుడు. గుండె గంతేసింది కూడా. అవునండీ, అన్నిటికంటే ముందు అదే అనుకున్నాడు. ఆ తర్వాత గానీ అది ఎవరి ఎముకో తలకెక్కలేదు. ఎక్కాక పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

వరండాలో అమ్మగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. అతన్ని చూడగానే చెయ్యి పట్టుకున్నారు.

"మీ పరీక్షకి ఆయన కూడా వెళ్ళొచ్చారు బాబూ. నీకు చెప్పొద్దన్నారు. నాదని తెలిస్తే నాయుడు ఒకలా చూస్తాడు, పరాయివాళ్ళదయితే ఒకలా చూస్తాడు, వద్దులే అన్నారు. ఏదన్నా తేడా ఉంటే కబురొస్తుందన్నారట ఆస్పత్రిలో. రాలేదు కదా. ఇంకేటి భయం, నా ఎముక ఉక్కు అని నాతో వేళాకోళం ఆడేవారు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గౌరునాయుడు తల ఎత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క ఫోనూ చెయ్యలేదు.

ఆపరేషన్ అయింది. మాస్టారిని ఇంటికి తీసుకొచ్చారు. గౌరునాయుడు యూనివర్సిటీకి సెలవు పెట్టేశాడు. తన గదికి తాళం వేసి, మళ్ళీ అటు కన్నెత్తి చూడలేదు. తెల్లారేసరికి పాలప్యాకెట్లు పట్టుకుని మాస్టారింట్లో హాజరు. మందులు తనే ఇచ్చేవాడు, జావ తనే కాచేవాడు, పేపరు తనే చదివి వినిపించేవాడు. కన్నకొడుకు కూడా ఇంత చెయ్యడని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెవిన పడితే అతను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఇక పట్టలేక చెప్పేశాడు.

"సార్, ఆరోజు మీకు చూపించిన పదిహేడో నంబరు మీదే సార్. నేను కబురు చెయ్యలేదు. విరుగుతుందేమో చూద్దామని ఊరుకున్నాను."

మాస్టారు తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ అడిగారు.

"నువ్వు చూపించిన చోటే విరిగిందా?"

"అక్కడే సార్."

"బాగుందిరా," అన్నారు మాస్టారు.

అందులో వెటకారం లేదు, కోపం లేదు. లెక్క సరిగ్గా చేసిన కుర్రాడితో అన్నట్టే అన్నారు. ఈ మాట కోసమా తను ఇన్నేళ్ళు దేవుళ్ళాడింది అనిపించి, గౌరునాయుడు మంచం పట్టె మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మాస్టారు ఓదార్చలేదు. ఏడవనిచ్చారు.

మర్నాటి నుంచి సేవ రెట్టింపయింది. ఇక కంప్యూటర్ జోలికే పోనన్నాడు. మీరు మునుపటిలా నడిచేదాకా ఈ గుమ్మం వదలనన్నాడు. అమ్మగారు గరిట పట్టుకుంటే లాక్కునేవాడు. అతను జావ పడితే మాస్టారు తాగారు, మందు ఇస్తే వేసుకున్నారు.

ఒకనాడు పొద్దున్నే జావ గిన్నెతో గదిలోకి వచ్చేసరికి, మాస్టారు వాకర్ పట్టుకుని లేచి నిలబడి ఉన్నారు. గౌరునాయుడు కంగారుపడి ఆసరా ఇవ్వబోయాడు. ఆయన వద్దని తల ఊపారు. పళ్ళ బిగువున ఒక్కో అడుగే వేసుకుంటూ వీధిగుమ్మం దాకా వెళ్ళారు. అక్కడికి చేరేసరికి చొక్కా చెమటకి తడిసిపోయింది.

గుమ్మం పక్కన గౌరునాయుడి చెప్పులు, ఇంటివైపు మొహం పెట్టి ఉన్నాయి. మాస్టారు వాకర్ కాలితో ఒకదాన్ని నెట్టారు. కాస్త ఊపిరి తీసుకుని రెండోదాన్నీ నెట్టారు. రెండూ వీధివైపు తిరిగాయి.

"నన్ను పొమ్మంటున్నారా సార్?" అన్నాడు గౌరునాయుడు. "మీకు చేసిన పాపం ఎలా కడుక్కోను? నన్ను వెళ్ళగొట్టకండి సార్."

"ఎర్రగీత పడ్డవి నీ దగ్గర ఇంకా ఉన్నాయేట్రా?"

గౌరునాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఉన్నాయి సార్."

"వాళ్ళకి కబురెళ్ళిందా?"

బయట మబ్బు కమ్మి, మళ్ళీ సన్నగా తుంపర మొదలైంది. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు తీస్తున్నారు. గౌరునాయుడు అటే చూశాడు.

"లేదు సార్."

"మరి నా దగ్గరేం చేస్తున్నావురా?" అన్నారు మాస్టారు.