ఎండ్లోవు ఇంటి ఆడపిల్ల

అనగనగా ఒక కొండవాలు. మన నేటాల్ చెరుకు తోటలు దాటిపోతే జూలూల కొండలు లేవూ, అక్కడ. ఆ కొండవాలు మీద నోముసా అని ఒక కోడలు. ఆమె పుట్టింటివాళ్ళ ఇంటిపేరు ఎండ్లోవు. అంటే ఏనుగు. కరువులో జనం నాలుకలు పిడచకట్టుకుపోతుంటే వాళ్ళ ముత్తాత ఏనుగు అడుగుల వెంటపడి పోయి నీళ్ళు చూపించాడట. అప్పట్నుంచీ ఆ పేరు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఏనుగు అక్కడే ఆగిపోతుంది మరి.

అక్కడ పెళ్ళయినా ఆడపిల్ల ఇంటిపేరు పోదు. కోడల్ని పసిపిల్లలా సొంతపేరు పెట్టి పిలవడం తప్పు. పుట్టింటి పేరు ముందు 'మా' చేర్చి పిలుస్తారు. నోముసాను అందరూ 'మాఎండ్లోవూ' అనేవారు.

ఆమె మామ ఆ కొండలకు దొర. చుట్టూ చేరినవాళ్ళు నువ్వే ఏనుగువని పొగిడి పొగిడి ఆయన తలకెక్కించారు. ఒకరోజు చాటింపు వేయించాడు. ఏనుగంటే నేనే, ఇంకే ఇంటికీ ఆ పేరు ఉండకూడదు, నోట పలికినవాడి పశువుల్ని తోలుకుపోతానని.

నోముసా తండ్రి అప్పటికే జబ్బుచేసి చాప పట్టాడు. కూతురు చూడబోతే గొణిగాడు.

"నేను పోయాక మనవాళ్ళు పశువుల దొడ్లో నిలబడి ఇంటిపేరుతో పిలిస్తేనే గదమ్మా, పెద్దల దగ్గరికి చేరేది. పేరే లేకపోతే దెయ్యమై తిరగాల్సిందేనా?"

"ఊరుకో నాన్నా, నీకంత తొందరేం లేదు," అంది. కళ్ళు తుడుచుకుని బయల్దేరింది. దారిలో ఏటి దగ్గర నీళ్ళకొచ్చిన, తనలాగే ఆ కొండల్లో కోడళ్ళయిన ఎండ్లోవు ఇంటి ఆడపడుచులందరికీ ఒక మాట చెప్పింది.

మర్నాడు అత్త పిలవబోయి నోరు మూసుకుంది. 'ఇదిగో' అంది, 'ఏమే' అంది, 'ఓ పిల్లా' అంది. నోముసా పలకలేదు. ప్రతి ఇంట్లోనూ ఎండ్లోవు ఆడపిల్లలు అట్లాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

దొరకు దాహమైంది. జొన్నకల్లు ఏదన్నాడు. కల్లు లేదేమంటే పిండి లేదు. పిండి లేదేమంటే కోడలు నూరలేదు. నూరలేదేమంటే ఎవరూ పిలవలేదు. పిలవలేదేమంటే, పేరు దొరగారే మింగారు.

మామ ముందు కోడలు గొంతెత్తకూడదక్కడ. అందుకని అత్తతో అంది, ఆయనకు వినబడేలా.

"అత్తా, ఇదిగో అంటే గొర్రె పలుకుతుంది. నాకు పుట్టిల్లుంది."

అత్త మొగుడి వైపు తిరిగింది. "నా నడుం పడిపోయింది. ఏనుగుగారూ, మీరే వచ్చి నూరండి."

దొర అటు చూశాడు, ఇటు చూశాడు. కొండవాలంతా వింటోంది. గొంతు సవరించుకుని, "మాఎండ్లోవూ, ఆ కల్లు సంగతి చూడమ్మా," అన్నాడు. పలికింది తనే. ఇక తన పశువుల్ని తనే తోలుకుపోవాలి. ఆ బాధ ఎందుకని ఆజ్ఞే ఎత్తేశాడు.

ఆ కబురు విని నోముసా తండ్రి లేచి గంజి అడిగాడట. మరి కొన్నేళ్ళు బతికి పోయినప్పుడు, దొడ్లో నిలబడి ఎండ్లోవూ అని అంతా గొంతు చించుకుని పిలిచారు. హాయిగా చేరుకున్నాడు.

చెరుకు కూలికని తెచ్చి మా అమ్మను ఇక్కడ ఓడ దింపినవాళ్ళు పేరడగలేదు, మెడలో నంబరు బిళ్ళ వేశారు. ఆ చేతులు లేకపోతే వాళ్ళ తోటలో ఒక్క చెరుకు గడ పడేదా? మీరు మాత్రం పేరు పెట్టి పిలిస్తేనే పలకండి.

కథ కంచికి పోవాలంటే ఇక్కణ్ణుంచి సముద్రం దాటాలి. దాన్ని పోనివ్వండి. మనం దుప్పట్లోకి.