మబ్బు ఏనుగుకు అడ్డం పెట్టిన చెయ్యి

పిల్లలు ఏడిస్తే దస్తగిరికి కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆదోని అవతల ఒక మిట్ట మీది దర్గాలో మౌలాలి అనే ముసలి ఫకీరు ఉండేవాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని స్వామి అనే పిలిచేవారు. దస్తగిరి ఆయన శిష్యుడు. మిరపకోతల కాలం వస్తే ఆ పక్క ఊళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని గుంటూరు వైపు పోతారు. పోతూ పోతూ చిన్నపిల్లల్ని స్వామి దగ్గర వదిలిపోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ పిల్లల తిండీ నీళ్ళూ నిద్రా అన్నీ దస్తగిరే చూసుకోవాలి.

బువ్వ వేడిగా ఉందేమోనని ప్రతి ముద్దా ఊదేవాడు. చెనిక్కాయలు ఒలిచి, పుచ్చుగింజ ఉందేమోనని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి మరీ పెట్టేవాడు. పిల్లలు ఎదురుగా మామా అనేవారు. చాటున "అమ్మమ్మ మామ" అని కిసుక్కున నవ్వేవారు.

ఆ ఏడు ఎవరో భక్తుడు స్వామికి ఒక ప్రొజెక్టరు ఇచ్చిపోయాడు. దానితోపాటు వచ్చింది ఒకటే సినిమా. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, వంటసాల కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడకు తెల్ల దుప్పటి వేలాడదీసి, దస్తగిరి ఆ సినిమా వేసేవాడు.

అందులో మిన్ని అనే పాపకు ఒక మబ్బు ఏనుగు దొరుకుతుంది. పాప దాని వీపెక్కి కొండల మీదా చుక్కల మధ్యా తిరుగుతుంది. ఏనుగు తుమ్మితే వడగళ్ళు రాలతాయి. ఆ చోట పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవారు. చివరికి మిన్ని ఊళ్ళో వానల్లేక పైరంతా మాడిపోతుంటే, ఏనుగు ఆ పాప బుగ్గను తొండంతో నిమిరి, తానే వానై కురిసిపోతుంది.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి దస్తగిరి ప్రొజెక్టరుకు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. మిన్ని ఏడుపు వినపడకుండా గట్టిగా దగ్గేవాడు. పచ్చటి చేలో జనం చిందులేసేటప్పుడు చెయ్యి తీసేవాడు.

"ఏనుగేది మామా?" అన్నాడు ఉరుకుందు. పిల్లలందరిలోకీ వాడు గడుగ్గాయి.

"ఊరికి పోయింది. వస్తుంది."

"ఎప్పుడొస్తాది?"

"వస్తుందిలేరా. బెల్లం తిందువు రా."

మరుసటి శుక్రవారం కూడా ఏనుగు రాలేదు. ఏనుగు మామ గుప్పిట్లోనే ఉందని పిల్లలు తేల్చేశారు. మీదపడి వేళ్ళు విప్పారు.

"గుప్పిట్లో లేదురో! జోబీలో ఏసుకున్యాడు!" అని ఉరుకుందు కేకేశాడు. జేబులో చెనిక్కాయలు దొరికాయి. అందరూ పంచుకు తిన్నారు.

ఈరమ్మ తినలేదు. ఐదేళ్ళ పిల్ల. సాయంత్రం బువ్వా ముట్టలేదు. మర్నాడు పొద్దున దస్తగిరి సద్ది కలిపి వెంటపడినా నోరు తెరవలేదు. వాకిట్లో కూచుని బస్సు వచ్చే దారి చూస్తోంది.

స్వామి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఆ పిల్ల పక్కన కూలబడ్డాడు. "ఏంది పాపా?"

"మాయమ్మ ఊరికి పోయింది, వస్తాది అన్యాడు మామ. ఏనుగు గూడ వస్తాది అన్యాడు. రాల్యా." ఈరమ్మ కొంచెం ఆలోచించింది. "మాయమ్మకు ఎవురు చెయ్యి అడ్డం పెట్టినారు తాతా?"

సద్ది గిన్నె పట్టుకుని నిలబడ్డ దస్తగిరి మొహం పాలిపోయింది.

"స్వామీ, తప్పయిపోయింది. ఆ సినిమా ఇంక వెయ్యను. ప్రొజెక్టరు ఇచ్చినాయనకే పంపించేద్దాం."

"ఇప్పుడే వెయ్యి," అన్నాడు స్వామి. "కడదాకా వెయ్యి."

"పిల్లలు ఏడుస్తారు స్వామీ!"

స్వామి ఆ మాట విననట్టే ఈరమ్మ చెవి దగ్గరికి వంగాడు. గుసగుసగానే మాట్లాడాడు గానీ వాకిలంతా వినపడింది.

"పాపా, మీ మామకు ఆ సినిమాలో ఒకచోట శానా భయం. ఆడికొచ్చినప్పుడు నువ్వు ఆయన చెయ్యి పట్టుకోవాల. ఇడిసిపెట్టగాకు."

ఈరమ్మ దస్తగిరిని ఎగాదిగా చూసింది. "ఇంత మనిషికా?"

"ఇంత మనిషికే."

గోనెపట్టాలు మళ్ళీ కట్టారు. ఏనుగు తుమ్మింది, వడగళ్ళు రాలాయి, పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. తరవాత మిన్ని ఊరు కనబడింది. దస్తగిరి చెయ్యి దానంతటదే లేవబోయింది. ఈరమ్మ రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది.

"కదలగాకు మామా. నేనుండాను."

ఏనుగు మిన్ని బుగ్గ నిమిరింది. ముందు చెవులు కరిగాయి. తరవాత వీపు. తొండం ఒక్కటీ చివరిదాకా పాప చేతిలో ఉండి, అదీ నీళ్ళయిపోయింది. ఉరుకుందు చొక్కాలో తల దూర్చుకున్నాడు. ఈరమ్మ కన్నీళ్ళు దస్తగిరి మణికట్టు మీద వెచ్చగా పడ్డాయి.

ఎన్నిసార్లు వేసినా దస్తగిరి ఆ చోట చూసింది తన చెయ్యినే. ఏనుగును ఇప్పుడే చూశాడు. బావురుమన్నాడు.

పిల్లలంతా ఏడుపు ఆపి వెనక్కి తిరిగారు. ఇంత మనిషి ముక్కు ఎగబీలుస్తూ ఏడవడం వాళ్ళెక్కడా చూడలేదు. అంతలో దుప్పటి మీద చేలు పచ్చబడ్డాయి.

"అది పోల్యాదురో! వానయింది!" అని ఉరుకుందు ఎగిరి గంతేశాడు. తొట్లో నీళ్ళు చెంబుతో ముంచి అందరి మీదా చల్లాడు. గోనెపట్టాలు ఊడిపడ్డాయి. వంటసాలంతా ఎండా, నీళ్ళూ, కేకలూ.

ఈరమ్మ పావడ చెంగుతో దస్తగిరి ముక్కు తుడిచింది. "ఊరుకో మామా. ఆకలైతాంది, బువ్వ పెట్టు."

దస్తగిరి ముద్ద కలిపాడు. ఊదడం మరిచిపోయాడు. రెండో ముద్దకు ఆ పిల్ల అడిగింది: "మాయమ్మో?"

వస్తుందిలే అనబోయి ఆగాడు.

"ఎండలో మిరపకాయలు కోస్తా ఉంటుంది. కోతలు అయ్యేదాకా రావడానికి ఉండదు. నువ్వు గుర్తొస్తే ఏడుస్తా గూడ ఉంటుంది."

ఈరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లో ముద్దతోనే వాకిట్లోకి పరుగెత్తింది.

"రేయ్! మాయమ్మ నాకోసరం ఏడుస్తాందంట!"

"మాయమ్మ ఇంకా గట్టిగా ఏడుస్తాది!" అన్నాడు ఉరుకుందు.

"మాయమ్మ ఏడిస్తే గుంటూరంతా ఇనపడతాది!" అంది ఈరమ్మ.

దస్తగిరి గిన్నె పట్టుకుని స్వామి దగ్గరికి వచ్చాడు. స్వామి చెనిక్కాయలు ఒలుచుకుని చూడకుండా నోట్లో వేసుకుంటున్నాడు.

"భయం నాదని మీకెట్ల తెలిసింది స్వామీ?"

స్వామికి పుచ్చుగింజ తగిలింది. మొహం చిట్లించి ఉమ్మేసి, ఇంకొక కాయ ఒలిచాడు.

"చెయ్యి ఎవరిదో చూసినాలే నాయనా."