చుక్కి ఫైలు కదిలింది

"కొమ్ములు రాని ఏ బిడ్డనూ తల్లికి దూరంగా ఉంచం. తల్లి మా కొండ మీద పనిలో చేరిన నెలలోపు, ఆ తల్లి పూచీ మీద, బిడ్డకూ వీసా ఇస్తాం."

పచ్చకొండ రేవులో ఏటి ఒడ్డు బండ మీద ఈ మాటలు చెక్కి ఉన్నాయి. చెక్కించింది కొండను ఏలే ఎలుగు దొర. చదివి వినిపించింది రేవు కచేరీలో గుమాస్తాగా కూర్చున్న నక్క. విని నమ్మింది మైలావు.

ఏటికి ఇవతల ఎండుదిబ్బ. ఆ ఏడు ఫాల్గుణం రాకముందే దిబ్బ మీద గడ్డి అయిపోయింది. అవతల పచ్చకొండ మీద మోకాలి లోతు గడ్డి. ఆ కొండ మీద ఎలుగు కూనలకు పాలు చాలడం లేదని పాడి ఆవులను పనికి పిలిచారు. మైలావు ఈని అప్పటికి పదిహేను రోజులు. నుదుట తెల్ల చుక్కతో పుట్టిన పెయ్యదూడకు చుక్కి అని పేరు పెట్టుకుంది.

"దూడను కూడా తీసుకొస్తాను గుమాస్తా గారూ," అంది మైలావు.

"తీసుకురాకుండా ఎలా తల్లీ! బండ మీద రాసే ఉందిగా," అంది నక్క. "కాకపోతే ముందు నువ్వు చేరాలి. చేరినదే స్పాన్సర్. స్పాన్సర్ లేకుండా డిపెండెంట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క నెల ఓపిక పట్టు."

దిబ్బ మీద ఒక ముసలి గేదెకు ఇంకా నాలుగు చుక్కల పాలున్నాయి. చుక్కిని దానికి అప్పగించి మైలావు ఏరు దాటింది.

పాడి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఆవు పాలు పిండితే రావు, ఆవు చేపితే వస్తాయి. దూడ ముట్టె పొదుగుకు తగలాలి, లేదా దూడ వస్తోందన్న ఆశైనా మనసుకు తగలాలి. అప్పుడే పాలు పొదుగులోకి దిగుతాయి. దొర హుకుం ఇచ్చినా, కర్ర ఎత్తినా చేపు రాదు. ఈ సంగతి నక్కకు అందరికన్నా బాగా తెలుసు.

అందుకే రోజూ తెల్లవారగానే కొట్టంలోకి వచ్చి మైలావు చెవిలో చెప్పేది. "చుక్కి ఫైలు కదిలింది."

మైలావు కళ్లు మెరిసేవి. పాలు దిగేవి. కూనలు పొట్టలు పగిలేలా తాగేవి.

మొదటి నెల గడిచింది. మైలావు కచేరీకి వెళ్లింది.

"అంతా అయిపోయింది తల్లీ, ఒక్కటే తక్కువ," అంది నక్క. "అది నీ దూడే అని రుజువు కావాలి."

"నా పొదుగు దగ్గర నిలబెట్టండి. నేను చేపితే నాదే."

"నీ పొదుగు ఇక్కడుంది, దూడ అక్కడుంది. ఎలా నిలబెడతాం?"

"దాన్ని రానిస్తే నిలబడుతుంది."

"రుజువు లేకుండా ఎలా రానిస్తాం?"

మైలావు నెమరు ఆగిపోయింది. ఈ ముడి ఎక్కడ మొదలైందో దానికి అంతుపట్టలేదు.

చివరికి ముసలి గేదె డెక్క ముద్ర సాక్ష్యంగా సరిపోతుందన్నారు. ముద్ర వేసిన ఆకును ముక్కున కరుచుకుని దిబ్బ నుంచి కాకి మోసుకొచ్చింది. కాకికి వీసా అక్కర్లేదు. రెక్కలున్నవాడి దగ్గర ఏ రాజ్యమూ కాగితం అడగదు, నడిచి వచ్చేవాళ్లనే అడుగుతుంది.

"మంచిది," అంది నక్క ఆకు చూసి. "మరి తండ్రి సమ్మతి?"

"తండ్రా? అది ఊళ్లు తిరిగే ఆబోతండీ! ఏ చేలో మేస్తోందో ఎవరికి తెలుసు?"

"తండ్రికి చెప్పకుండా బిడ్డను దేశం దాటిస్తే రేపు మా మీదకు రాదూ? బిడ్డ క్షేమం కోసమే తల్లీ ఇదంతా."

కాకి ఏడు ఊళ్లు తిరిగి ఆబోతును పట్టుకుంది. "ఏ ఆవు? ఏ దూడ?" అంది ఆబోతు. వివరం చెబితే గట్టిగా నవ్వి, "ఎన్ని ముద్రలు కావాలంటే అన్ని వేసుకో," అని కాలు చాచింది. ఆ ముద్ర పచ్చకొండ చేరేసరికి వైశాఖం వచ్చింది.

నక్క ఆ రోజు కచేరీ దిగి స్వయంగా కొట్టానికి వచ్చింది. మొహాన విచారం పులుముకుంది.

"కాగితాలన్నీ సరిపోయాయి తల్లీ. నిన్న మా బంట్రోతు దిబ్బ మీదకు పోయి నీ కూతుర్ని చూసొచ్చాడు. దానికి కొమ్ములొచ్చాయి."

విన్నది మైలావుకు నమ్మశక్యం కాలేదు. "దరఖాస్తు పెట్టిన రోజు లేవు కదా!"

"పెట్టిన రోజు లెక్క కాదు. మేం చూసిన రోజు లెక్క."

"చూడటం ఆలస్యం చేసింది మీరు కదా!"

"చూశావా, ఇక్కడ నీకూ కొమ్ములొస్తున్నాయి," అంది నక్క నవ్వుతూ.

సాయంత్రం కాకి వచ్చి కొట్టం దూలం మీద వాలింది.

"చెప్పు తమ్ముడూ. చుక్కి ఎలా ఉంది?"

"అక్కా, మన దిబ్బ మీద ఎవరో దానికి చెప్పారు, కొమ్ములొస్తే అమ్మ దగ్గరికి రానివ్వరని. అప్పటి నుంచి తలను బండకేసి రాస్తోంది. కొమ్ములు అరిగిపోతాయని. నెత్తురు కారుతోంది. గేదె పెద్దమ్మ అడ్డం పడుకుంటే అటు తిరిగి రాస్తోంది. 'నేను చిన్నదాన్నే అని చెప్పు, నేనింకా చిన్నదాన్నే అని అమ్మతో చెప్పించు' అంటోంది."



"వచ్చెయ్యక్కా," అంది కాకి. "వీళ్లకు నీ పొదుగు కావాలి, నీ పేగు అక్కర్లేదు. కష్టానికి ద్వారం తీసి, కన్నబిడ్డకు గొళ్లెం పెట్టే రాజ్యం ఏం రాజ్యం?"

"వస్తే దాని ఫైలు శాశ్వతంగా మూసేస్తారట. ఆ ఎండిన దిబ్బ మీద తిండి లేక నా పాలూ ఇంకిపోతాయి. అప్పుడు దాన్ని దేనితో బతికించను?"

మరునాడు నక్క చెవిలో ఏం చెప్పినా మైలావు చేపలేదు. రెండో రోజూ అంతే. కూనలు ఏడ్చాయి. మూడో ఉదయం నక్క పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తల్లీ! ప్రత్యేక కేసుగా తీసుకున్నాం! నీ బిడ్డ వచ్చింది! అదిగో!"

కొట్టం మూలన, వెలుతురు పడనిచోట, ఒక దూడ నిలబడి ఉంది. మైలావు కట్టుతాడు తెంచుకుని దగ్గరికి పోయి నాకింది.

నాలుకకు ఉప్పు తగిలింది. లోపల గడ్డి గరగరలాడింది. దూడ కదల్లేదు. కళ్లున్న చోట రెండు రేగి గింజలు గుచ్చి ఉన్నాయి. అది దూడ కాదు. దూడ తోలు. ఎండబెట్టి, లోపల వరిగడ్డి కుక్కి, నాలుగు కర్రల మీద నిలబెట్టిన తోలు.

"ఇది... ఇది ఎవరి బిడ్డ?" అంది మైలావు.

"ఎవరిదైతే ఏం? నాకి, చేపు," అంది నక్క. "వీసా కోసం దిబ్బ మీద ఎదురుచూస్తూ చచ్చిన దూడలు చాలా ఉన్నాయి. తోళ్లు ఊరికే పోతున్నాయని తెప్పించాం."

పక్క కొట్టంలోంచి కర్రావు తల ఎత్తి చూసింది. కర్రావు పచ్చకొండకు మైలావు కన్నా రెండు నెలల ముందే వచ్చింది. దానికి దిబ్బ మీద ఒక కోడెదూడ ఉంది. ఆ ఉదయం కూడా నక్క దాని చెవిలో "నీ వాడి ఫైలు కదిలింది" అనే చెప్పి పాలు పిండించుకుంది.

కర్రావు మెల్లగా అడ్డుకర్ర దాటుకుని వచ్చింది. తోలును వాసన చూసింది. మెడ కింద చూసింది. చెవి వెనక చూసింది. నాకడం మొదలుపెట్టింది. తల నుంచి తోక దాకా, ఈనిన రోజు నాకినట్టు.

దాని పొదుగు నుంచి పాలు ధారలుగా నేల మీదకు కారాయి.

"చూశావా!" అని నక్క గంతేసింది. "పనిచేసింది! కుండ తెండి, కుండ!"

కొట్టంలో ఉన్న ఆవులన్నీ నెమరు ఆపి చూశాయి. అప్పుడు వాటికి అర్థమైంది, రోజూ కదిలిన ఫైళ్లు ఎక్కడికి కదిలాయో.

మర్నాడు నక్క ఏ చెవిలో ఏం చెప్పినా ఏ పొదుగూ తడవలేదు. కూనల ఏడుపు కొండంతా వినిపించింది. ఎలుగు దొర కచేరీకి వచ్చాడు.

"దూడల్ని తెప్పించు," అన్నాడు.

"కుదరదు దొరా. బతికున్నవాటికి కొమ్ములొచ్చాయి. నిబంధన ఒప్పుకోదు."

"నిబంధన మార్చు."

"మార్చాలంటే ముందు దరఖాస్తు, తర్వాత రుజువు, తర్వాత సమ్మతి. మూడు నెలలు పడుతుంది. ఎవరూ తొందరగా దాటిపోకుండా నేనే అలా కట్టాను."

"అయితే ఈ మూడు నెలలూ నా కూనలకు నువ్వు పాలియ్యి," అన్నాడు దొర. నక్కను దాని గడ్డి దూడ పక్కనే కట్టేయించాడు. నక్క మూడు రోజులు విడుదల కోసం దరఖాస్తు పెట్టుకుంది. కచేరీలో తీసుకోవడానికి గుమాస్తా లేడు.

మైలావు కాకిని పిలిచింది. "తమ్ముడూ, రాసుకో. చుక్కికి కొమ్ములున్నా లేకపోయినా ఏరు దాటనివ్వాలి. వచ్చిన తోళ్లన్నీ ఎవరెవరి బిడ్డలవో, ఆ తల్లుల పేర్లు పెట్టి చెప్పాలి. అప్పటిదాకా పచ్చకొండ మీద ఒక్క చుక్క కూడా దిగదు."

తల్లి పనిని రానిచ్చి బిడ్డను ఆపే రాజ్యానికి పొదుగు దక్కుతుంది గానీ పాలు దక్కవు.

కాకి మైలావు చెప్పిన షరతులను రేవు బండ మీద అందరికీ కనిపించేలా గీసి, కింద గడువు కూడా గీసింది: జవాబు ఏరువాక పున్నమి లోపు.